కోర్టు ఫోటోలో ఇద్దరు లెమ్‌లు

మా ఆల్డర్ బెండ్‌లో కోర్టు భవనం రాతితో ఎందుకు కట్టారంటే, పక్క ఊరు గ్రెషమ్ వాళ్ళు ఎత్తుకుపోకుండా. పాతది చెక్కది. జిల్లా కేంద్రం ఏ ఊరన్న తగువు నడుస్తున్న రోజుల్లో గ్రెషమ్ వాళ్ళు ఒక ఆదివారం, మావాళ్ళంతా ప్రార్థనల్లో ఉండగా, బండ్లు తోలుకొచ్చి జిల్లా కాగితాలన్నీ బీరువాలతో సహా వేసుకుపోయారు. మరుసటి ఆదివారం మావాళ్ళు వెళ్ళి తెచ్చుకున్నారు. వస్తూ వస్తూ వాళ్ళ బడిగంట కూడా పట్టుకొచ్చారు. ఇదంతా మా నాన్న కాలంలో. కొత్తది 1911లో లేచింది, అయోవా రాష్ట్రం మొత్తం మీద ఇలాంటి కోర్టు ఇంకోటి లేదని మావాళ్ళ నమ్మకం. రాగి గుమ్మటం, దాని నెత్తిన న్యాయదేవత. ఆవిణ్ణి రైలు పెట్టెలోంచి దించుతుండగా తాడు జారి ముక్కు విరిగింది. సిమెంటుతో అతికించారు. కింద నుంచి చూస్తే కనపడదు. అయినా కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మావాళ్ళు ముందుగా చూపించేది ఆ ముక్కునే.

జులై నాలుగున ప్రారంభోత్సవం పెట్టారు. జిల్లా బోర్డు అధ్యక్షుడు బల్లార్డ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే కట్టేసిన గుర్రాలు కూడా బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటాయి గానీ, ఈ ఆలోచన మాత్రం బాగానే ఉందని ఒప్పుకోవాలి. ఊరు ఊరంతా కొత్త కోర్టు ముందు నిలబడితే చికాగో నుంచి ఒక ఫోటోగ్రాఫరు వచ్చి, గుండ్రంగా తిరిగే కెమెరాతో బారెడు పొడుగు ఫోటో తీస్తాడు. దాన్ని అద్దం కట్టించి కోర్టు హాల్లో పెడతారు. భవనం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

అంతే, ఊరికి పిచ్చెక్కింది. ఆ పిచ్చి వల్ల నాకు మేలే జరిగింది. నేను ఆడవాళ్ళ టోపీలు చేసి అమ్ముతాను. ఆగస్టా క్రాంజ్ అని బోర్డు ఉంటుంది, చూడండి. ఆ ఏడాది టోపీలు ఎంత వెడల్పంటే, ఇద్దరాడవాళ్ళు తలుపు దగ్గర ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. మా ఊళ్ళో ఎవరూ తగ్గరు.

ఎవరు ఎక్కడ నిలబడాలన్నది అందరికీ ముందే తెలుసు. ఎడమ కొసన బాప్టిస్టులు, కుడి కొసన మెథడిస్టులు. మధ్యలో బోర్డువాళ్ళు, బ్యాండు, అంతర్యుద్ధంలో పోరాడిన ముసలాళ్ళు, నాలాంటి చిల్లర మనుషులు. నేను లూథరన్‌ని, మా చర్చి వేరే ఊళ్ళో ఉంది. మనిషిని నిలువునా ముంచి తీస్తే తప్ప దేవుడు ఒప్పుకోడని బాప్టిస్టుల వాదన. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చాలని మెథడిస్టుల వాదన. ఇద్దరి దేవుడూ ఒకడే కదా, ఆయన పైన కూర్చుని ఎవరు ఎంత తడిశారో చూస్తూ ఉంటాడని నేననుకోను. కానీ ఈ మాట పైకి అంటే ఇద్దరూ టోపీలు కొనడం మానేస్తారు.

ఈ రెండు కొసల మధ్య ఇరుక్కున్నవాడు లెమ్ స్టోవర్. మా ఊరి బార్బర్. అతని షాపుకీ నా షాపుకీ నడుమ ఒక్క చెక్క గోడ, అదీ పలచటి చెక్క. నేను చెవులు రిక్కించి వినే మనిషిని కాను. నా చెవులు బాగా పనిచేస్తాయి, అంతే. కుర్చీలో డెమోక్రాట్ కూర్చుంటే లెమ్ డెమోక్రాట్. అతను లేచి రిపబ్లికన్ వచ్చి కూర్చుంటే, అదే సబ్బు, అదే కత్తి, లెమ్ రిపబ్లికన్. వాన పడేలా ఉందంటే పడేలా ఉందంటాడు, పడదంటే పడదంటాడు. కాదన్న మాట అతని నోట్లోంచి వచ్చి ఎవరూ ఎరగరు. అందుకే అతని షాపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అతని పెళ్ళి ఎప్పుడూ వాయిదా పడుతుంది.

పెళ్ళి కావాల్సింది ఎడ్నా ప్రాసర్‌తో. టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుంటుంది. ఊళ్ళో ఎవరి ఫోను ఎవరికి కలవాలన్నా ఆమె చేతి మీదుగానే. ఎవరు ఎవరితో ఎంతసేపు గుసగుసలాడారో ఆమెకి తెలుసు, ఎవరికీ చెప్పదు, నాకు తప్ప. మెథడిస్టుల పిల్ల. లెమ్ తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం పూత అరిగిపోతే తన డబ్బుతోనే మళ్ళీ పూత వేయించుకుంది. అన్నేళ్ళయింది.

జూన్‌లో ఒకరోజు ఎడ్నా నా షాపులో టోపీ పెట్టి చూసుకుంటోంది. గడ్డిటోపీ, దాని మీద చెర్రీపళ్ళు.

"ఎలా ఉన్నాను?"

"పెళ్ళికూతురిలా ఉన్నావు" అన్నాను.

"ఆ మాట నాక్కాదు, గోడకి చెప్పండి" అని గొడుగు కర్రతో గోడని రెండు దెబ్బలు కొట్టింది.

లెమ్ చేతిలో సబ్బు బ్రష్షుతోనే వచ్చాడు. మనిషి బాగుంటాడు. మీసం నున్నగా, జుట్టు మధ్య పాపిడి, మొహాన ఎప్పుడూ ఒక నవ్వు. ఆ నవ్వు ఎవరి కోసమో చెప్పడం కష్టం.

"లెమ్, డె మొయిన్ పట్నంలో పెద్ద ఎక్స్చేంజికి నన్ను హెడ్డుగా రమ్మంటున్నారు. జులై నెలాఖరులోగా వస్తానో రానో చెప్పాలి" అంది ఎడ్నా.

"అబ్బో, మంచిదేగా."

ఎడ్నా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. "నేను వెళ్ళిపోతే మంచిదా?"

"అంటే, అలా కాదు. మంచిది కాదు."

"ఏదో ఒకటి తేల్చు."

"నువ్వేదంటే అదే, ఎడ్నా."

నేను రిబ్బన్లు చుడుతున్నట్టు తల వంచుకున్నాను. ఎడ్నా గొంతు పెంచలేదు. ఫోన్లో "ఏ నంబరు కావాలండీ" అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"నాలుగో తారీఖున ఫోటో తీస్తున్నారు. నువ్వు నా పక్కన నిలబడు. మనం పోయాక కూడా ఆ ఫోటో గోడ మీద ఉంటుంది. అందులో నా పక్కన నువ్వు ఉంటే సరే, ఉంటాను. లేకపోతే రైలెక్కుతాను. ఏడవను, తిట్టను. ఎక్కుతాను."

"నిలబడతాను. ఎందుకు నిలబడను?"

"మరి మీ అమ్మ?"

"అమ్మకి నేను చెప్పుకుంటాగా."

"ఇదే మాట కిందటి ఎన్నికల ముందూ చెప్పావు. అంతకు ముందు ఎన్నికలకీ చెప్పావు."

గోడ అవతల నుంచి ఎవరో "లెమ్, మొహం మీద నురగ ఎండిపోతోందయ్యా" అని కేకేశారు. లెమ్ ఇద్దరికీ నవ్వి వెళ్ళిపోయాడు. ఎడ్నా టోపీ కొనుక్కుని వెళ్ళింది.

మర్నాడు లెమ్ వాళ్ళమ్మ వచ్చింది. హెప్సీ స్టోవర్‌కి మోకాళ్ళ నొప్పులు, భారీ మనిషి, గట్టి బాప్టిస్టు, మొగుడు పోయినప్పటి నుంచీ నల్లబట్టలే. కొత్త టోపీ కొనదు. పాతదానికే రిబ్బను మార్చమంటుంది, మార్చాక పాత రిబ్బను ఏదని అడుగుతుంది. నాకు ఆవిడంటే ఒళ్ళు మంట. కానీ ఒకటి మరిచిపోకూడదు. ఆవిడకి ముగ్గురు పిల్లలు. ఒకే చలికాలంలో డిఫ్తీరియా వచ్చి ఇద్దరు పోయారు. మిగిలినవాణ్ణి ఆవిడ చెయ్యి పట్టుకుని పెంచింది, ఆ చెయ్యి వదలడం ఎలాగో తెలియలేదు.

"వాడు నా కుర్చీ వెనకే నిలబడతాడు" అందావిడ, నేనేమీ అడక్కుండానే.

"అలాగా."

"అలాగే. పోయి ఆ నీళ్ళు చల్లుకునేవాళ్ళలో నిలబడ్డాడా, నాకు కొడుకు లేడు. వాడితోనే అన్నాను. ఎక్కడికి పోతానమ్మా అన్నాడు."

అంటే మన లెమ్ ఇద్దరికీ మాట ఇచ్చేశాడన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఒక మనిషి రెండు కొసల్లో ఎలా నిలబడతాడు?

ఆ కిటుకు ఫోటోగ్రాఫరే నేర్పాడు. అతని పేరు క్విగ్లీ. మూడో తారీఖు రైలు దిగి, తిన్నగా లెమ్ కుర్చీలో కూర్చుని గడ్డం అప్పగించాడు. గడ్డం గీయించుకుంటూ కూడా మాట్లాడగలిగే రకం. గోడ ఇవతల నాకు ప్రతి మాటా వినపడింది.

"రేపు మీవాళ్ళకి గట్టిగా చెప్పాలి, కదలొద్దని" అంటున్నాడు క్విగ్లీ. "నా కెమెరా ఒక్కసారిగా తీసేది కాదు. ఎడమ కొస నుంచి మొదలుపెట్టి మెల్లిగా కుడికి తిరుగుతుంది. కిందటేడు ఒక కాలేజీలో ఒక వెధవ ఏం చేశాడో తెలుసా? ఎడమ కొసన నిలబడ్డాడు, కెమెరా తనని దాటగానే జనం వెనకాల నుంచి పరిగెత్తుకెళ్ళి కుడి కొసన నిలబడ్డాడు. ఒకే ఫోటోలో రెండుసార్లు పడ్డాడు. కవలపిల్లల్లా."

కత్తి ఆగిపోయింది. చర్మం మీద కత్తి నడిచే చప్పుడు నాకు బాగా అలవాటు, అందుకే అది ఆగితే తెలుస్తుంది.

"రెండు చోట్లా బాగానే పడ్డాడా?" అన్నాడు లెమ్.

"దివ్యంగా పడ్డాడు."

"ఎంత వేగంగా పరిగెత్తాలి?"

"బాగా వేగంగా. ఎందుకు?"

"ఊరికే" అన్నాడు లెమ్. కత్తి మళ్ళీ కదిలింది, ఈసారి హుషారుగా.

ఇక్కడ మా లెమ్ చేసిన తప్పు మీకు అర్థమై ఉంటుంది. రెండు చోట్లా నిలబడటం గురించే ఆలోచించాడు గానీ, ఆ రెండూ ఒకే కాగితం మీద పడతాయనీ, దాన్ని అందరూ చూస్తారనీ తట్టలేదు. అందరికీ ఔననే మనిషికి ఈ క్షణం గడిస్తే చాలు.

నాలుగో తారీఖున ఎండ దంచేస్తోంది. కోర్టు ముందు మైదానంలో మమ్మల్ని విల్లులా వంపుగా నిలబెట్టారు. మధ్యలో ముక్కాలిపీట మీద కెమెరా. ముసలివాళ్ళకి కుర్చీలు వేశారు. ఎడమ కొసన హెప్సీ స్టోవర్ కుర్చీలో, వెనకాల లెమ్, ఆదివారం కోటూ గడ్డిటోపీ పెట్టుకుని, తల్లి భుజం మీద చెయ్యి వేసి. కుడి కొసన ఎడ్నా, చెర్రీపళ్ళ టోపీ, పక్కన ఒక మనిషికి చోటు వదిలి. అంత జనంలో ఆ కాస్త ఖాళీ నాకు మధ్యలోంచి కూడా కనపడింది. వాళ్ళ నాన్న అందులోకి జరగబోతే మోచేత్తో నెట్టింది.

జనం వెనకాల చెట్ల కింద భోజనాల బల్లలు, వాటి మీద బాప్టిస్టు ఆడవాళ్ళు చేసిన నిమ్మకాయ పైలు అనే తీపి వంటకం, మెథడిస్టు ఆడవాళ్ళు చేసిన నిమ్మకాయ పైలు, కలవకుండా వేరు వేరుగా. వాటికి అవతల గుర్రాలకి నీళ్ళు పెట్టే తొట్టి.

"ఎవరూ తల తిప్పొద్దు, ఏం జరిగినా సరే" అని అరిచి క్విగ్లీ మీట నొక్కాడు. కెమెరా బరబరమంటూ తిరగడం మొదలుపెట్టింది.

కాసేపటికి నా వెనకాల బూట్ల చప్పుడు వినపడింది. తరవాత బల్ల కాలు విరిగిన చప్పుడు. పింగాణీ పళ్ళేలు. ఒక గుర్రం సకిలింపు. ఆ తరవాత ధబేల్‌మని నీళ్ళు. నేను తల తిప్పలేదు. నా టోపీ ఆ ఏడాది నేను చేసిన వాటన్నిటిలోకీ గొప్పది, అది వంకరగా పడటం నాకిష్టం లేదు. మిగతావాళ్ళూ తిప్పలేదు. ఎవరి గొప్ప వాళ్ళది.

కెమెరా ఆగాక చూస్తే, లెమ్ ఎడ్నా పక్కన ఉన్నాడు. టోపీ లేదు. టై వీపు మీదికి పోయింది. కుడికాలు మోకాలిదాకా తడిసి ముద్దయింది, ఎడమ మోచేతికి నిమ్మకాయ పై అంటుకుంది. ఎడ్నా అతని వంక చూసింది. ఆమె మొహం అలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు. "వచ్చావా" అంది, అంతే.

ఆ తరవాత రెండు వారాలు మా ఊళ్ళో యుద్ధం. లెమ్ మాతో నిలబడ్డాడని మెథడిస్టులు. కళ్ళు పోయాయా, మాతో నిలబడితేనూ అని బాప్టిస్టులు. తపాలా కార్యాలయం మెట్ల మీద ఇద్దరు పెద్దమనుషులు కాలర్లు పట్టుకున్నారు. హెప్సీ వచ్చి "భుజం మీద చెయ్యి వేశాడమ్మా, వేలి వేలి బరువూ తెలిసింది నాకు" అంది. ఎడ్నా వచ్చి పెళ్ళిబట్టకి తెల్ల రిబ్బను చూసుకుంది. డె మొయిన్ వాళ్ళకి రానని చెప్పేస్తానంది. నాకు అనుమానం ఉంది, కానీ ఆ రిబ్బను చేతిలో పట్టుకున్న తీరు చూసి నోరు రాలేదు. లెమ్‌ని ఎవరడిగినా "ఫోటో రానివ్వండి, మీకే తెలుస్తుంది" అనేవాడు. అదొక్కటీ నిజం చెప్పాడు.

ఫోటో వచ్చింది. క్విగ్లీ స్వయంగా గొట్టంలో చుట్టుకుని తెచ్చాడు. బోర్డు గదిలో పెద్ద బల్ల మీద పరిచి నాలుగు మూలలా సిరాబుడ్లు పెట్టారు. ఊరంతా కిక్కిరిసిపోయింది. ముందు ఎవరి మొహం వాళ్ళు వెతుక్కున్నారు. తరవాత ఎవరో ఎడమ కొసన "ఇదిగో లెమ్" అన్నారు. అదే సమయానికి కుడి కొసన ఇంకెవరో "ఇదిగో లెమ్" అన్నారు.

ఎడమ కొసన లెమ్, తల్లి భుజం మీద చెయ్యి వేసి, షాపు కిటికీలోని బొమ్మలా చక్కగా. కుడి కొసన లెమ్, టోపీ లేకుండా, నోరు తెరుచుకుని, ఒక కాలు తడిగా.

 ముసలి సైనికుల్లో ఒకాయన నవ్వడం మొదలుపెట్టాడు, ఇక ఎవరికీ ఆగలేదు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. ఎడ్నా నవ్వలేదు. ఫోటో వంక ఒక్కసారి చూసి, చేతి తొడుగు వేసుకుంది, ఒక్కొక్క వేలూ సర్దుకుంటూ.

వారం తిరక్కుండా గ్రెషమ్ పత్రికలో పడింది. ఆల్డర్ బెండ్‌లో జనాభా చాలక బార్బర్ని రెండుసార్లు లెక్కపెట్టుకుంటున్నారట. బల్లార్డ్ ఆ పత్రికని కాళ్ళ కిందేసి తొక్కాడు. ఆ ఫోటో అలాగే గోడకి పెడితే గ్రెషమ్ వాళ్ళు చూడటానికి బండ్లు కట్టుకుని వస్తారు. క్విగ్లీని అడిగితే, నెగటివ్ మీద రంగు వేసి ఒక మనిషిని తీసేయొచ్చన్నాడు. ఎవర్ని తీయాలో చెప్పమన్నాడు.

దానికి బోర్డు సమావేశం పెట్టారు. ఈ దేశ చరిత్రలో ఒక బార్బర్లో ఏ సగం ఉంచాలా అని ప్రభుత్వం కూర్చుని చర్చించింది మా ఊళ్ళోనే అయ్యుంటుంది. బాప్టిస్టు సభ్యులు కుడివైపు లెమ్‌ని తీయాలన్నారు, వాడి అవతారం జిల్లాకే అప్రతిష్ఠ అన్నారు. మెథడిస్టు సభ్యులు ఎడమవైపు లెమ్‌ని తీయాలన్నారు. ఆ తొట్టిలో మోకాలిదాకా మునిగాడు గనక కుడివైపు లెమ్ కూడా కొంతవరకు బాప్టిస్టేనని ఒకాయన వాదించాడు. ఓట్లు సమానంగా వచ్చాయి. అధ్యక్షుడి ఓటు బల్లార్డ్ వేయాలి. రోజూ పొద్దున్నే లెమ్ కత్తి కింద గొంతు పెట్టే మనిషి కదా, వేయనన్నాడు.

"నువ్వే చెప్పవయ్యా" అన్నాడు లెమ్‌తో. "నీ మొహమే కదా. ఎవర్ని తీయమంటావు?"

లెమ్ లేచాడు. ఒక పక్క తల్లి, ఒక పక్క ఎడ్నా. మొహాన అదే నవ్వు, చెమటలో నానుతోంది. "బోర్డువాళ్ళు ఎలా అంటే అలాగేనండి. నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

ఎడ్నా లేచింది. "నాకు కావాల్సింది ఇదే, ఈ ఒక్క మాట వినాలనే వచ్చాను. శనివారం రైలుకి వెళ్తున్నాను. మిసెస్ స్టోవర్, మీవాడు మీకే. రెండు కాపీలూ ఉంచుకోండి."

చేతి తొడుగులు వేసుకుంటూ తలుపు దాకా వెళ్ళింది.  చెప్పొద్దూ, ఆ క్షణాన లెమ్‌ని టోపీ సూదితో పొడవాలనిపించింది.

"ఆగమ్మా, అమ్మాయ్" అంది హెప్సీ. "ఆగస్టా, నీ దగ్గర పూసలు కుట్టుకునే భూతద్దం ఉంటుందే, ఇలా ఇయ్యి."

ఇచ్చాను. ఆవిడ బల్ల పట్టుకుని లేచి, దాని మీద పరిచిన ఫోటో ఎడమ కొసకి వెళ్ళి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత బల్ల అంచు పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, ఊరి జనాన్నంతా దాటుకుంటూ, కుడి కొసకి నడిచింది. ఆ మోకాళ్ళతో అది ఎంత దూరమో నాకు తెలుసు. అక్కడా వంగి చూసింది.

"ఒరే లెమ్, ఇలా రా" అంది.

వెళ్ళాడు.

"అక్కడ నా వెనకాల ఉన్నవాడున్నాడే, వాడు సమాధి రాయిలా ఉన్నాడు. నేను చచ్చాక నా నెత్తిన పెట్టుకోడానికి బాగుంటాడు. ఇక్కడ వీణ్ణి చూడు. ఊపిరాడక చస్తున్నాడు, పైగా నవ్వుతున్నాడు. నీ చెల్లెలూ తమ్ముడూ ఉన్నప్పుడు నువ్వు పెరట్లో ఇలా నవ్వేవాడివి. తరవాత నవ్వలేదు. నేను చూశాననుకున్నాను గానీ, ఆ నవ్వు వేరు, అది గిరాకీలకి నవ్వేది." భూతద్దం బల్ల మీద పెట్టింది. "ఎవర్ని తీయాలో నేను చెప్పను. బోర్డు చెప్పదు. నువ్వే చెప్పు."

లెమ్ వంగి ఫోటోలో తనని తాను చూసుకున్నాడు. నవ్వు పోయింది. ఆ మొహం మీద నవ్వు లేకుండా నేను చూడటం అదే మొదలు. కాదన్న మాట కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"నీ దగ్గరున్నవాణ్ణి తీసేయమంటానమ్మా" అన్నాడు.

హెప్సీ తల ఊపింది.  "అన్నావు కదా. ఏమీ కూలిపోలేదు కదా."

తలుపు దగ్గర నుంచి ఎడ్నా అంది. "లెమ్, సరిగా వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

చెప్పాడు, ఈసారి బయట గుర్రాలకి కూడా వినపడేలా. ఎడ్నా మళ్ళీ చేతి తొడుగులు తీసేసింది.

పెళ్ళి ఏ చర్చిలో అన్నదానికి ఇంకో యుద్ధం రాబోయింది. ఎడ్నా ఒప్పుకోలేదు. కోర్టులోనే జడ్జి చేతి మీదుగా చేసుకున్నారు, న్యాయదేవత అతుకు ముక్కు కింద. పైలు మాత్రం ఒకే బల్ల మీద పెట్టించింది.

ఆ తరవాత దిద్దిన ఫోటో వచ్చింది. ఎడమ కొసన లెమ్ లేడు. అతనున్న చోట కోర్టు స్తంభం ఒకటి, రంగు వేసి చక్కగా నిలబెట్టారు. అసలు అక్కడ స్తంభమే లేదు గానీ, ఎవరు చూడొచ్చారు. బల్లార్డ్ మురిసిపోయి అద్దం కట్టడానికి పంపబోతుంటే ఎడ్నా "ఆగండి" అంది.

హెప్సీ నల్ల గౌను భుజం మీద ఒక చెయ్యి ఉంది. నాలుగు వేళ్ళు, చొక్కా అంచు, దానికో గుండీ. అంతే. మణికట్టు దగ్గర మొదలై ఎక్కడికీ పోని చెయ్యి. దిద్దినవాడు మనిషిని మొత్తం తుడిచేసి, చెయ్యి మరిచిపోయాడు.

బల్లార్డ్ మొహం ఎర్రబడింది. "దీన్ని మళ్ళీ చికాగో పంపాలి. గ్రెషమ్ వాళ్ళు చూశారంటే..."

"పంపొద్దు" అంది హెప్సీ. ఎడ్నా వైపు తిరిగింది. ఆవిడ ఎవరినైనా అడగడం నేనప్పటిదాకా వినలేదు. "ఏమ్మా, ఈ చెయ్యి నాకు ఉంచుకోనిస్తావా?"

"ఉంచుకోండి" అంది ఎడ్నా. "అది మీదే కదా."

ఇప్పుడు ఆ ఫోటో కోర్టు హాల్లో ఉంది. వచ్చినవాళ్ళంతా ఆ చెయ్యి ఎవరిదని అడుగుతారు. దేవుడిదని బాప్టిస్టులు చెప్తారు. దేవుడు గుండీలు పెట్టుకోడని మెథడిస్టులు చెప్తారు. మొన్న వేరే పని మీద నేను కోర్టుకి వెళ్తే, హెప్సీ ఆ ఫోటో ముందు నిలబడి ఉంది, ఒక్కతే. కుడిచెయ్యి ఎత్తి తన ఎడమ భుజం మీద వేసుకుని, అక్కడేదో ఉందేమో చూసుకుంటున్నట్టు తడుముకుంటోంది. మెట్లెక్కి వస్తున్న ఎడ్నా కూడా చూసింది. లెమ్ వెనకాలే వస్తున్నాడు, మొగుడుగా మారాక కాస్త ఒళ్ళు చేశాడు.

ఎడ్నా అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వెళ్ళు. వెళ్ళి మీ అమ్మ వెనకాల నిలబడు" అంది. "నడిచే వెళ్ళు. నేనెక్కడికీ పోను."